గుత్తి కోటలో నీటి లెక్క

గుత్తి కోట మీద రాసేవాళ్ళు రెండు తెగలుగా వున్నారు. మొదటి తెగవారికి కోట అంటే పౌరుషం. బురుజు కనబడితే చాలు, వాళ్ళ కలం గుర్రమెక్కుతుంది. రెండో తెగ మనవాళ్ళది. మనకు కోట అంటే భూస్వామ్య దోపిడీకి చిహ్నం. ఆ మాట అనేశాక చెప్పడానికి ఇంకేమీ మిగలదు. మొదటివారిది భ్రమ, మనది నిజం. కాని ఆ నిజం చెప్పడానికి కొండ ఎక్కవలసిన పని లేదు; అనంతపురంలో ఫ్యాను కింద కూర్చునే చెప్పవచ్చు. నా పేచీ అంతా అక్కడే వుంది.

నేను ఆ కొండ ఎక్కడం మొదలుపెట్టి ముప్పయ్యేళ్ళు దాటింది. కాలేజీకి సెలవులిచ్చాక, మే నెలలో, ఏటా ఒక రోజు. చలికాలంలో పోరాదా అని ఇంట్లోవాళ్ళు ఏటా అంటూనే వుంటారు. చలికాలంలో ఎక్కితే హాయిగానే వుంటుంది, కోట మాత్రం అర్థం కాదు. ఆ కోట కట్టించినవాణ్ణి పగలూ రాత్రీ తొలిచిన ప్రశ్న ఏమిటో, నాలుక పిడచగట్టుకుపోతుండగా నడిస్తేనే తెలుస్తుంది. సీసాలో నీళ్ళెన్ని వున్నాయి, ఇంకా ఎంత దూరం పోవాలి అని మనిషి లెక్కవేసుకోవడం మొదలుపెట్టాలి. అప్పటిదాకా అతను చూసేవి గోడలే.

యీ ఏడు నాతో ఒక కుర్రవాడు వచ్చాడు. డిగ్రీ మూడో ఏడు, ఆర్థికశాస్త్రం. పేరూ వూరూ చెప్పను. అలాంటి ఇల్లు యీ పీఠభూమి మీద ప్రతి పల్లెలోనూ వుంది. తండ్రికి నాలుగెకరాలు. మూడు బోర్లు వేయించాడు. మొదటి రెండింటిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోది ఆరేళ్ళు పోసి, మొన్న మార్చిలో నిలిచిపోయింది. నాలుగోది వెయ్యి అడుగులు వేయిస్తాననీ, అందుకోసం ఎకరం అమ్ముతాననీ తండ్రి పట్టుబట్టాడు. కాగితాల మీద కొడుకు సంతకం కూడా కావాలట. సంతకం పెట్టేసి, చదువు మానేసి, బెంగుళూరు పోయి ఏ కొరియర్ కంపెనీలోనో చేరాలని వీడి ఆలోచన. నన్ను సలహా అడగలేదు. "కొండకు నేనూ వస్తా సార్" అన్నాడు, అంతే.

తెల్లవారి ఆరింటికే బయలుదేరాం. కొండ ఎత్తు పెద్దదేమీ కాదు. సముద్రమట్టానికి 2,000 అడుగుల పైచిలుకు, వూరి నేల మీంచి సుమారు 1,000 అడుగులు. నిజానికి అది ఒక్క కొండ కాదు, కొండల గుంపు. వాటిని గోడలతో ముడివేసి, మలుపు మలుపుకూ ఒక ద్వారం పెట్టారు. సీతాఫలం చెట్లు ఆకు రాల్చి కట్టెపుల్లల్లా నిలబడి వున్నాయి. ఒక ద్వారం నీడలో మేకలు తోలుకొచ్చిన ముసలమ్మ కూర్చుని వుంది.

"ఏమప్పా, యీ ఎండకు యాడికి పోతాండారు?"

"పైకే అవ్వా, కోట చూసేదానికి."

"సూసేదానికి ఏముండాది? పైన సుక్క నీళ్ళు లేవు. మేకలకు దొరక్కనే కిందికి తోలుకపోతాండా."

పురావస్తు శాఖవారి బోర్డులో యీ సమాచారం లేదు.

పైకి పోయేకొద్దీ గుండాలు కనబడతాయి. కొన్ని బండలోని పల్లానికి గోడ కట్టి చేసినవి, కొన్ని రాతిని తొలిచినవి. కొండ మీద మొత్తం 108 బావులున్నాయని వూళ్ళో చెప్తారు. మన దేశంలో గొప్ప వస్తువులన్నీ 108 గానే వుంటాయి గనక ఆ సంఖ్యను నేను పట్టించుకోను. చూడవలసింది సంఖ్య కాదు, అమరిక. నైరుతి రుతుపవనం పడమటి కనుమల అవతలే తన బరువు దించేసుకుని వస్తుంది. ఈశాన్య రుతుపవనం ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. రెండూ కలిసినా జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పెన్న నీళ్ళు కొండెక్కవు. కనక కొండ మీద పడిన చినుకే కొండకు నీరు; వాలుబండ మీద అది జారిపోయేలోగా పట్టుకోవాలి. కోట అంటే శత్రువును ఆపే కట్టడం అనుకుంటాం. యీ కోటలో సగం పని వాన నీటిని ఆపడానికి జరిగింది.

శిఖరం దగ్గర బండల మీద శాసనాలున్నాయి. కల్యాణి చాళుక్యుడైన ఆరో విక్రమాదిత్యుని కాలానివి వాటిలో వున్నాయి. విజయనగర బుక్కరాయల నాటి శ్లోకమొకటి యీ కోటను దుర్గాలకే రాజు అని పొగుడుతుంది. గుండం తొలిచినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. వాడు వదిలి వెళ్ళింది ఉలి గాట్లు. కుర్రవాడు ఎండిన గుండంలోకి దిగి, అడుగున పేరుకున్న ప్లాస్టిక్ సీసాలను కాలితో పక్కకు నెట్టి, ఆ గాట్ల మీద చెయ్యి పెట్టి చూశాడు. "మా వూర్లో బావులు తవ్వేది ఒడ్డెవాళ్ళు సార్. బోరు బండ్లొచ్చినాక వాళ్ళకు పని లేకపాయ. అందరూ బెంగుళూరు పోయినారు" అన్నాడు.

కొండ అంచున, వూరి మీదికి వేలాడుతున్నట్టు, ఒక చిన్న మంటపం వుంది. మురారిరావు గద్దె అంటారు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడట. ఆడితే ఆడి వుండవచ్చు. ఆయన ఓడిపోయింది మాత్రం చదరంగం బల్ల మీద కాదు. 1776లో హైదరాలీ ముట్టడించినప్పుడు పేట ముందే పడిపోయింది; పై కోట రెండు నెలలకు పైగా నిలిచింది. చివరికి సంధి మాటలు నడిచాయి. ఇంత సొమ్ము ఇప్పుడు, మిగతాది తర్వాత, అందాకా ఒక మనిషి హామీగా హైదరాలీ శిబిరంలో వుండాలి అని ఒప్పందం కుదిరింది. అలా పోయిన మనిషి నోరు జారి, పైన మూడు రోజులకు సరిపడే నీళ్ళు మాత్రమే మిగిలాయని అన్నాడనీ, అది విన్న హైదరాలీ సంధిని పక్కన పెట్టి వూరికే కూర్చున్నాడనీ చరిత్రకారుడు విల్క్స్ రాశాడు. మూడు రోజులు ఆగితే చాలు. కోట స్వాధీనమైంది, మురారిరావు కబ్బాల్‌దుర్గంలో ఖైదీగా చనిపోయాడు.

యీ కథ చెప్పి పౌరుషవాదులు నమ్మకద్రోహం గురించి నిట్టూరుస్తారు. నాకు అందులో కనబడేది వేరు. ఫిరంగులు పగలగొట్టలేని గోడను ఒక సమాచారం పగలగొట్టింది. నీళ్ళెన్ని వున్నాయన్నది ఆ రోజున సైనిక రహస్యం. నీళ్ళున్నవాడికీ, లేనివాడికీ, లేవని ఎదుటివాడికి తెలిసిపోయినవాడికీ మధ్య వున్న తేడాయే ఆ కోట చరిత్ర. మరి ఆ రెండు నెలలు కింద పేటలో జనం, చుట్టుపక్కల పల్లెల్లో జనం ఏం తాగారు? దాన్ని రాసినవాడు లేడు. పై గుండాల లెక్కలో వాళ్ళెన్నడూ లేరు. వాళ్ళ పేర్లు వున్న లెక్క ఒకటే, శిస్తు లెక్క.

మంటపం నీడలో కూర్చుని మొదటి సీసా పూర్తి చేశాం. అక్కడినుంచి చూస్తే కొండ పాదంలో దొరల శ్మశానం వుంది. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన సర్ థామస్ మన్రోను మొదట అక్కడే పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటకు తరలించారు. నిజాం మన జిల్లాలను కుంపిణీకి అప్పగించిన 1800 నుంచి 1807 దాకా మన్రో యిక్కడి ప్రధాన కలెక్టరు. పాలెగాళ్ళను అణచాడు, భూములు కొలిపించాడు, రైతు రైతుకూ విడివిడిగా శిస్తు కట్టాడు. ఆ శిస్తు భారమని ఆయనకే తెలుసు. పోయేముందు నాలుగోవంతు తగ్గించమని పైవాళ్ళకు రాశాడు కూడా. మంచి దొర అని జనం చెప్పుకోవడానికి కారణాలు లేకపోలేదు. కాని రైత్వారీ చేసిన పని ఒకటుంది, దాన్ని మనం పాఠాల్లో చెప్పి మరిచిపోతున్నాం. ప్రతి రైతునూ అది సర్కారు ఎదుట ఒంటరిగా నిలబెట్టింది. వూరి కరువు అనేది పోయి, పట్టా నెంబరు కరువు వచ్చింది. 1876-78 కరువులో రోజంతా రాళ్ళు కొట్టిన మగమనిషికి టెంపుల్ దొర నిర్ణయించిన కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అక్కడా మనిషిని ఒక్కణ్ణి చేసి తూచడమే.

"బోరుకూ యీ మన్రోకూ ఏం సంబంధం సార్?" అన్నాడు కుర్రవాడు. వాడిది ఆర్థికశాస్త్రం గనక సూటిగానే చెప్పాను. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. అదే ఏడు ఈజ్‌మెంట్ల చట్టమూ వచ్చింది. భూమి ఎవడిదో ఆ భూమి కింది నీళ్ళు తోడుకునే హక్కు వాడిదని ఆ చట్టం ఒప్పుకుంది. కపిల తోలి నీళ్ళు తోడినంత కాలం అందులో ప్రమాదం కనబడలేదు. ఎద్దుల బలం ఎంతో నీళ్ళూ అంతే. మోటారు వచ్చాక కనబడింది. పైన పట్టాకు సరిహద్దు రాయి వుంది, కింద బండ చీలికల్లో పారే నీటికి ఏ రాయీ లేదు. నువ్వు నాలుగు వందల అడుగులు పోతే పక్కవాడు ఆరు వందలు పోతాడు; అప్పుడు నువ్వు వెయ్యి. ప్రతి రైతూ తన నాలుగెకరాల్లో ఒక్కో మురారిరావై కూర్చున్నాడు, తన గుండంలో మూడు రోజుల నీళ్ళున్నాయని గట్టు అవతలివాడికి తెలియకుండా దాచుకుంటూ. 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు బండ్లు రాత్రిళ్ళు తిరగడం నేర్చుకున్నాయి.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా పక్క చేను మా పెద్దనాయనది సార్. ఆయన బోరు రెండించులు పోస్తాండె. ఇప్పుడు తెలీదు. గట్టు తగాదా, ఎనిమిదేండ్లాయ, మాటల్లేవు."

మన జిల్లాలోనే కొన్ని పల్లెల్లో బోర్లున్నవాళ్ళూ ఎండినవాళ్ళూ ఒక ఒప్పందానికి వచ్చి, పైపులన్నీ కలిపి, కొన్నేళ్ళపాటు ఎవరూ కొత్త బోరు వేయకూడదని రాసుకుని, ఆరుతడి పంటలకు వంతులవారీగా నీళ్ళు పెట్టుకుంటున్న సంగతి చెప్పాను. అది విప్లవం కాదని మన మిత్రులు వెంటనే అంటారు. నిజమే, కాదు. పట్టా లేని కూలీకి ఆ పైపులో వాటా ఎంత అనే ప్రశ్నకు అక్కడ కూడా జవాబు రాలేదు. అయినా రెండు వందల ఏళ్ళుగా విడివిడిగా తూచబడుతున్న మనుషులు తమ నీళ్ళెన్నో ఒకరికొకరు పైకి చెప్పుకుంటున్నారు. దాన్ని తేలిగ్గా తీసేసే హక్కు ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకు లేదు.

ఎండ నడినెత్తి మీదికి రాకముందే దిగడం మొదలుపెట్టాం. రెండో సీసాలో సగం ఆ ముసలమ్మ చేతుల్లో పోశాం. ఆమె ఒక గుక్క తాగి, మిగతాది దోసిట్లోనే పట్టుకుని ఒక పిల్లమేకకు తాపింది.

కోట వీధి మొదట్లో టీ బంకు దగ్గర కుర్రవాడు ఫోను తీశాడు.

"నాయనా, పెద్దనాయన బోరు ఇంకా పోస్తాందా? ... వూరికే కాదు, ఎన్నించులు పోస్తాందో చెప్పు. ... నీకు తెలీకుండా ఎట్లుంటాది, రోజూ గట్టు మీంచి చూస్తానే వుంటావు గదా. ... సంతకం సంగతి రేపు మాట్లాడదాం. రేపు వూరికొస్తాండా. ముందు పెద్దనాయన ఇంటికి పోయి, ఆడ్నుంచి మనింటికి వస్తా."

తండ్రి ఏమన్నాడో నాకు వినబడలేదు. వాడు ఫోను జేబులో పెట్టుకుని, "కట్ చేసినాడు సార్" అన్నాడు. రెండు టీలకు డబ్బులు తనే ఇచ్చి, రేపు తమ వూరికి పొద్దున బస్సు ఎన్ని గంటలకు వుందో బంకతన్ని అడగడం మొదలుపెట్టాడు.