నేనేమీ నొక్కలేదురా!

మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. 2007లో తెనాలిలో ఇంటిదగ్గర కూర్చుని వ్యవసాయపు మాటలు పోగుచేస్తుండేవారు. మేడి, కాడి, కర్రు, గొర్రు, గుంటక... ఒక్కో మాటకీ అర్థం, వాడుక, ఎవరు చెప్పారో ఆ వివరం. లేఖినిలో టైపు చెయ్యడం, నోట్‌ప్యాడులో అతికించడం, ఇదీ పద్ధతి. కంప్యూటరు 2003లో నేను కొనిచ్చిందే. విండోస్ ఎక్స్‌పీ, 256 ఎంబీ మెమరీ. అప్పటికే ముసలిదైపోయింది పాపం.

ఆ ఏడు దసరా తర్వాత ఫోనొచ్చింది. "ఒరే, కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటరు ఆరిపోయి మళ్ళీ మొదలవుతోంది. మానిటరు మాత్రం వెలుగుతూనే ఉంటోంది."

యూపీయస్ బ్యాటరీ పోయుంటుంది, మార్పించండి అన్నాను. మార్పించారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే ఫిర్యాదు.

"ఏదో నొక్కి ఉంటారు నాన్నా."

"నేనేమీ నొక్కలేదురా!"

"నొక్కే ఉంటారు, గుర్తులేదంతే."

ఇక ఆయన చెప్పడం మానేశారు. 'గ' అక్షరం మాటలు సగం ఎగిరిపోయాయనీ, కంప్యూటరు మీద దుప్పటి కప్పేసి మళ్ళీ నోటుబుక్కు తీశారనీ కొన్నాళ్ళకి అమ్మ చెప్పింది.

2008 సంక్రాంతికి వెళ్ళి దుప్పటి తీశాను. సాఫ్టువేరు ఇంజనీరునాయె! నెట్ తీగ పీకాను, పెట్టాను, పీకాను. ఏమీ అవలేదు. "చూశారా, బానే ఉంది" అన్నాను కాస్త గర్వంగా. నాన్నగారు మాట్లాడకుండా నోటుబుక్కు వెనక పేజీ తీసి చూపించారు. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎంతసేపు టైపు చేశారో, కరెంటు ఎప్పుడు పోయిందో, కంప్యూటరు ఆరిందో లేదో, వరసగా రాసుకున్నారు. అరగంటలోపు కరెంటు పోతే ఏమీ కాలేదు. రెండు గంటలు దాటాక పోతే ప్రతిసారీ ఆరింది. మా ఆఫీసులో టెస్టింగు వాళ్ళు కూడా ఇంత శుభ్రంగా రాసివ్వడం నేను చూళ్ళేదు.

ముందు, తనంతట తనే రీస్టార్టయ్యే సెట్టింగు తీసేశాను. ఎక్స్‌పీలో అది ఉండటంవల్లే నీలి తెర కంటికి ఆనకుండా మాయమయ్యేది. ఆయన చెప్పినట్టే రెండు గంటలు టైపు చేయించి, మోడెం స్విచ్చి కట్టేశాను. నీలి తెర! 0x000000D1. డంపు ఫైలు విన్‌డీబీజీలో తెరిస్తే దోషి నెట్‌వర్కు కార్డు డ్రైవరు.

కథేమిటంటే, కార్డు నుంచి కబురొస్తే డ్రైవరు దాన్ని చాలా పై స్థాయిలో, మిగతా పనులు ఆపి చూసుకుంటుంది. ఆ స్థాయిలో ఉన్నప్పుడు తనకి కావలసినదంతా మెమరీలోనే ఉండాలి. డిస్కు మీదనుంచి తెప్పించుకునే వీల్లేదు. పోపు నూనె కాగుతున్నప్పుడు ఆవాల డబ్బా చేతికందేట్టు ఉండాలి కదా, అప్పుడు అటకెక్కి దించుకొస్తానంటే ఇల్లు తగలబడుతుంది. విండోస్ అంతదాకా రానివ్వదు, నీలి తెరేసి వంటిల్లే మూసేస్తుంది.

తీగలో లింకు తెగినప్పుడు పనిచేసే ఫంక్షనుని ఆ డ్రైవరు రాసినాయన అటక మీదకి పంపదగ్గ కోడులో పెట్టాడు. లింకు తెగడం అరుదు గనక ఆ కోడు ఖాళీగా పడుంటుంది. 256 ఎంబీ యంత్రంలో రెండు గంటలు బ్రౌజరు తెరిచి ఉంచితే మెమరీ చాలక విండోస్ దాన్ని అటకెక్కించేస్తుంది. మా ఇంట్లో కంప్యూటరుకి యూపీయస్ ఉంది గానీ మోడెంకి లేదు. కరెంటు పోతే మోడెం ఆరుతుంది, లింకు తెగుతుంది, డ్రైవరు అటక వైపు చెయ్యి చాస్తుంది. అంతే సంగతులు! మెమరీ దండిగా ఉన్న యంత్రాల్లో ఈ తప్పు బయటపడటం కష్టం.

అనుమానం తీరక డ్రైవర్ వెరిఫయర్ కూడా పెట్టి చూశాను. ఇలాంటి తప్పు పట్టుకోడానికి సామానంతా కావాలనే అటకెక్కించే పనిముట్టు అది. రెండు గంటలు ఆగనక్కర్లేకపోయింది, మోడెం ఆపగానే కూలింది.

2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరిశోధనా పత్రంలో, ఎక్స్‌పీలో అప్పట్లో నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని రాశారు. ఆ పత్రం నేను అంతకుముందే చదివాను. చదివి కూడా కన్నతండ్రిని అనుమానించాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవరు చదవకూడని చోట మెమరీ చదివి దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాల్ని పడేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది విమానాశ్రయాలు కాదు, ఆ దుప్పటే.

అసలు చెప్పుకోలేని ముక్క ఒకటి మిగిలింది. డివైస్ మేనేజరులో డ్రైవరు తేదీ చూశాను. కంప్యూటరుతో వచ్చిన సీడీలోది కాదు. దసరాకి వచ్చినప్పుడు, కొత్త వెర్షనుంది కదా అని నేనే దించి ఎక్కించాను. చక్కగా పనిచేస్తున్నదాన్ని కెలికింది నేను!

'రోల్ బ్యాక్' నొక్కి పాత డ్రైవరు తెచ్చిపెట్టాను. రెండు నిమిషాల పని. కాఫీ పట్టుకొచ్చిన నాన్నగారితో "మీరేమీ నొక్కలేదు, నొక్కింది నేను" అని చెప్పాను. "నాకు తెలుసులేరా" అని కుర్చీలో కూర్చుని 'గ' మాటలు మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

ఇప్పుడాయనకి 82 ఏళ్ళు. లాప్‌టాప్ వాడుతున్నారు, దానికి సొంత బ్యాటరీ ఉంది. అయినా మాట మాటకీ రెండుసార్లు సేవ్ నొక్కుతారు. నోటుబుక్కు పక్కనే ఉంటుంది.