గోడ మీద ఎవరి బొమ్మ?



మా హాస్టల్ గల్లీ గోడకు బొమ్మలు వేసిన సంగతి కొందరికి తెలుసు. అందులో కొన్ని వద్దని ఎందుకు పట్టుబట్టినమో చెప్దామని రాస్తున్న.

ఆదిలాబాద్‌లో మా గల్లీ చిన్నదే. ఈ చివర పంక్చర్ షాపు చాచా ఉర్దూ మాట్లాడతడు. పక్కన మరాఠీ వాళ్ల పిండిగిర్ని, ఎదురుగా లంబాడా అక్క కూరగాయల బండి. హాస్టల్లో గోండు, కొలాం, లంబాడా, నాయక్‌పోడు పిల్లలం. రంగులకు గల్లీ వాళ్లే తలా కొంత వేసుకున్నరు. పెయింటర్ అన్న ఫోన్లో ఒక బొమ్మ చూపించిండు. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి త్రికోణాల మనుషులు, చేతులు పట్టుకొని గుండ్రంగా ఆడుతున్నరు. "ఆదివాసీ అంటే ఇదే కదా తమ్మీ" అన్నడు.

అది వార్లీ. మహారాష్ట్రలో పాల్‌ఘర్ వైపు ఉండే వార్లీ వాళ్లది. ఆ కళను బయటి లోకానికి చూపించిన జివ్యా సోమా మశే గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. గొప్ప కళే. కానీ ఆదివాసీ అనే మాట ఎక్కడొచ్చినా ఆ త్రికోణాలే గీస్తే మనకు ముఖాలు లేనట్టే కదా. ఉట్నూరు పిల్లకూ, సీతంపేట సవర పిల్లకూ ఒకటే బొమ్మనా? సవరల ఇడిటాల్ దూరం నుంచి చూస్తే కొంచెం అట్లనే ఉంటది గానీ, అది దేవుళ్ల కోసం, చనిపోయిన పెద్దల కోసం ఇంటి లోపలి గోడ మీద వేసేది.

మరి మనదేం వేద్దాం? అందరూ గుస్సాడి అన్నరు. కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పటి నుంచి ఆ నెమలి ఈకల టోపీ అందరికీ తెలుసు. నాకూ సంతోషమే అయింది. అంతలో ఒకాయన, "మంచిది, దేవుడి లెక్క ఉంటది, ఇంక ఎవడూ ఇక్కడ మూత్రం పోయడు" అన్నడు. నవ్విండ్రు. నాకు నవ్వు రాలే. గుస్సాడి కట్టినోళ్లు దండారి అయ్యేదాకా స్నానం కూడా చెయ్యరు, ఆ టోపీకి పూజ చేస్తరు. మా తాతకు ఫోన్ చేసిన. "టోపీకి మొక్కుతమా, గోడకు కాపలా పెడతమా?" అని పెట్టేసిండు. ఆయన బాధ కూడా అబద్ధం కాదు, ఆ మూల వాసనకు నిలబడలేం. అక్కడ ఒక బల్బు పెట్టించినం. దాంతో చాలావరకు తగ్గింది.

చివరికి అందరూ ఒప్పుకున్నది నీళ్లు. గల్లీ మధ్యల నల్లా ఉంది, పొద్దున అన్ని భాషల్లో కొట్లాట అక్కడే. నల్లా పైన నీలం రంగు కొట్టి ఎవరి మాట వాళ్లు రాసిండ్రు. చాచా ఉర్దూలో కుడి నుంచి మొదలుపెడితే పెయింటర్ అన్న కొట్టిన గీతలన్నీ మార్చాల్సి వచ్చింది. మరాఠీలో పాణీ. లంబాడా అక్క "మాది గూడా పాణీనే, అయినా వేరేగా రాయాలె" అన్నది. గోర్‌బోలికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసినం. గోండిలో ఏర్. దాన్ని నేను గుంజాల లిపిలో రాసిన. నార్నూర్ మండలం గుంజాలలో పాత చేతిరాత పుస్తకాలు దొరికిన లిపి, 2018లో యూనికోడ్‌లో చేరింది. మా అమ్మ వచ్చినప్పుడు చూపిస్తే (ఆమెకు ఏ లిపీ రాదు) నేనే చదివి వినిపించిన. "ఏర్ నాకు తెల్వదా, దానికి ఇన్ని గీతలెందుకు?" అన్నది.

కొలాం దోస్తు ఈర్ అని ఒక అంచున చిన్నగా రాసిండు. పెద్దగా రాయరా అంటే, "మా ఊర్ల పిల్లలే తెలుగు మాట్లాడుతున్నరు, ఎవరు చదువుతరు" అన్నడు. తెల్లారి ఏమనుకున్నడో, తానే చెరిపి మూడింతలు పెద్దగా రాసిండు.

నాయక్‌పోడు తమ్ముడు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అందుకే తనకు మాట వద్దు, బొమ్మ కావాలన్నడు. లక్ష్మీదేవర ముఖాలు గోడ మీద వేయొచ్చా అని పెద్దోళ్లను అడగనీకి ఊరికి పోయిండు. నల్లాకు ఎడమ పక్క నాలుగడుగుల జాగా ఉంచినం.