డర్ట్ అనే మాట ఎక్కడిది?

పిల్లలూ! మాది నెల్లూరు సముద్రతీరాన ఉన్న జువ్వలదిన్నె. వేటకు పోయిన పడవలు తిరిగివస్తే ఒడ్డంతా చేపల వాసనే. ఎండుచేపలు ఆరబెట్టే ఇళ్లవాళ్ల బట్టలకు ఆ వాసన ఉతికినా పోదు. నన్ను పైచదువుకు పట్నం పంపినప్పుడు, బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుని, "డర్టీ!" అన్నారు. నాకు ఏడుపు రాలేదు గాని, ఆ మాట ఎక్కడ పుట్టిందో కనుక్కోవాలని పట్టుదల కలిగింది.

నిఘంటువు తిరగేస్తే తమాషా సంగతి బయటపడింది. 9వ శతాబ్దంలో స్కాండినేవియా నుంచి వైకింగులనే ఓడవాళ్లు ఇంగ్లండు మీదికి దండెత్తి, చాలామంది అక్కడే కాపురాలు పెట్టారు. వాళ్ల భాషలో "డ్రిట్" అంటే మలం. ఇంగ్లీషువాళ్ల నోట ఆ మాటే "డర్ట్" అయింది. ఇంతకీ ఆ వైకింగులు ఎవరనుకున్నారు? నార్వే తీరంలో కాడ్ అనే చేపను ఎండబెట్టి, ఓడలకెత్తి అమ్ముకున్నవాళ్లు! వాళ్ల బట్టలు మాత్రం మల్లెపూల వాసన వేశాయా?

డ్రిట్‌లో ముందున్న "ర" వెనక్కు ఎలా పోయింది అంటారా? నాలుకకు అదొక అలవాటు. ఇంగ్లీషులో పక్షిని పూర్వం "బ్రిడ్" అనేవారు, ఇప్పుడు "బర్డ్" అంటున్నారు. మన తెలుగూ తక్కువది కాదు. తమిళంలో "ఉరల్", మనకు "రోలు". వాళ్లకు "ఇరండు", మనకు "రెండు".

"ఫిల్త్" మాత్రం ఇంగ్లీషువాళ్ల సొంత సొత్తే. కుళ్లు కంపు అనే అర్థమున్న "ఫౌల్" నుంచి వచ్చింది.

అర్థం కూడా ఒకచోట నిలవలేదు. మలం కాస్తా బురద అయింది, బురద మట్టి అయింది. అమెరికాలో "డర్ట్ రోడ్" అంటే ఉత్త మట్టిబాట. వైకింగుల దగ్గర నుంచే వచ్చిన "మక్" అనే మాటకు మురికి అనీ అర్థమే, పశువుల ఎరువు అనీ అర్థమే. మన "పెంట" కూడా అంతే కదా! "పొలానికి నాలుగు బండ్ల పెంట తోలాం" అని రైతు గొప్పగా చెప్పుకుంటాడు. అదే మాట ఇంట్లో అంటే తిట్టు.

మా అవ్వ చేపలు కడిగిన నీళ్లు, పేగులు, పొలుసులు ఏవీ పారవేసేది కాదు. కొబ్బరిచెట్టు మొదట్లో గుంట తీసి పాతిపెట్టేది. "చెట్టుకు అన్నం" అనేది. అందులో ఒక్క పేగు గడపలో జారిపడితే మాత్రం, "మురికి, మురికి! ఎత్తండిరా!" అని మా మీద కేకలేసేది.