దోవ తెలిసినోడి పేరు

మా నాయన బడి మొహం చూడలేదు. అయినా పాకాల నుంచి భాకరాపేట కనుమ దాకా ఏ వంక ఎక్కడ పుట్టి ఏ చెరువులో పడతాదో ఆయనకు తెలుసు. అడవిపంది ఏ నెలలో ఏ చేనిమీద పడతాదో, కుందేలు ఏ పొద కింద నుంచి లేచి ఎటు పారతాదో తెలుసు. ఇదంతా మా అబ్బ దగ్గర నేర్చుకున్నాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా నాతో మొదలైంది. చదువు మాత్రం నాతో మొదలు కాలేదు.

అయితే ఆ చదువు మీద పెత్తనం మాది కాదు. సంక్రాంతి నెలలో ఊర్లో పెద్దింటోళ్ళు వేటకు పోయేవాళ్ళు. తుపాకి వాళ్ళది, కాళ్ళు మావి. తెల్లారుజామున వాడ మొగదల నిలబడి ఒక కేకేస్తే చాలు, మా నాయనోళ్ళు పలకలు భుజానికేసుకోని పోవల్ల. పలక కొడతా, అరస్తా, ముళ్ళకంపల్లో దూరి జంతువును తుపాకి ముందరికి తోలల్ల. పడినాక కట్టెకు కట్టి మోసుకోని రావల్ల. మాంసం ఊర్లోకి పోయేది. తలకాయ, పేగులు, కాళ్ళు వాడలోకొచ్చేవి. కూలి లేదు. పంది ఎదురు తిరిగితే చీలేది తోలినోడి తొడే. మా అబ్బ కుడితొడ మీద జానెడు మచ్చ నేను చిన్నప్పుడు చూసినాను.

అంత చేసినా, వేట ఎవరిదంటే తుపాకి పట్టినోడిదే. మా జిల్లాలో చామల లోయ పులి గురించి బెంగుళూరు దొర కెన్నెత్ ఆండర్సన్ రాసినాడు. ఆ పుస్తకం 1954లో అచ్చయింది. ఇట్లాంటి వేట పుస్తకాల అట్టమీద ఉండేది దొర పేరే. అడుగుజాడ చూపించినోడు లోపల యాడో రెండు వాక్యాల్లో ఉంటాడు. తిరుమలలో సంక్రాంతి మరునాడు మలయప్పస్వామికి పారువేట జరుపుతారు. దేవుడి వేట ఉత్సవమైంది. దొర వేట పుస్తకమైంది. మా వేట మొదట వెట్టి అయింది, తర్వాత కేసయింది.

1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. 1989లో శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద బతికేవాళ్ళకు చాలా హక్కులిచ్చింది గానీ, వేటను మాత్రం బయటే పెట్టింది. దాన్ని నేను తప్పుపట్టను. మా నాయన కూడా వేట పోయిందని ఏడవలేదు. "పొద్దన్నే కేకేసేవాడు లేడు, అదే చాలు" అన్నాడు. నా బాధ వేట గురించి కాదు. వేట నేరమైనాక కూడా ఎవరు వేటాడతా ఉన్నారు, ఎవరు దొరకతా ఉన్నారు అనేదే నా బాధ.

ఇప్పుడు ఆ పెద్దింటోళ్ళ మనవళ్ళు పట్నంలో ఉండారు. రాత్రిపూట జీపులో వస్తారు. వాళ్ళకు మా నాయన అక్కర్లేదు. చేతిలో ఫోనుంది. ఇంటికాడే మ్యాపు దించుకోని పెట్టుకుంటారు. టవరు అందని కనుమలో కూడా తెరమీద నీలం చుక్క కదలతానే ఉంటాది. మూడు తరాలు కాళ్ళు కోసుకోని నేర్చుకున్న దోవను ఆ చుక్క ఒక్క రాత్రిలో చూపిస్తాది.

ఇదేం మాయ కాదు. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయం చెప్తా ఉంటాయి. కనీసం నాలుగింటి మాట వింటే, అవి వచ్చిన ఆలస్యాన్ని బట్టి ఫోను తానెక్కడుందో లెక్క కట్టుకుంటాది. అమెరికా సైన్యం కోసం పుట్టిన పద్ధతి ఇది. మొదటి ఉపగ్రహం 1978లో పైకి పోయింది. మామూలు జనానికిచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపి ఇచ్చేవాళ్ళు. 2000 మే నెలలో ఆపేసినారు. సరైన లెక్క దొరలకు, తప్పుల లెక్క జనానికి అనేది మనకు కొత్త సంగతి కాదు.

అమెరికాలో వేటగాళ్ళ కోసం 2009లో మోంటానాలో ఆన్‌ఎక్స్ అని ఒక కంపెనీ పుట్టింది. ఏ భూమి ఎవరిదో తెరమీద గీతలు గీసి చూపిస్తాది. మా నాయనకు ఆ గీతలు చూపించే యాప్ అక్కర్లేకపోయింది. ఏ గట్టు మీద చెప్పులు చేతబట్టుకోవల్లో, ఏ బావికాడ దూరంగా నిలబడల్లో పుట్టినప్పటి నుంచి తెలుసు.

మా చిన్నాయన కొడుకు డిగ్రీ చదివి ఉద్యోగం లేక ఇంటికాడ ఉన్నాడు. జీపోళ్ళు వాడిని మోతకు పిలిచినారు. రాత్రికి ఐదువందలు. అడవి గార్డులు వచ్చేసరికి జీపు లేదు. భుజం మీద మూటతో వీడున్నాడు. వీడి ఫోన్లో, చచ్చిన పంది పక్కన తీసుకున్న ఫోటో ఉంది. ఫోటో వెనక ఏ తావులో, ఎన్ని గంటలకు తీసినాడో అంతా ఉంది. తుపాకి ఎవరిదని అడిగినోడు లేడు. జైలుకు పోయొచ్చినాడు. వాయిదాలకు తిరగతానే ఉన్నాడు.

ఆ పిల్లోడు ప్రాణంతో వచ్చినాడు, అదే మాకు దక్కింది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి పక్క శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయినారు. ఎర్రచందనం నరకడానికి వచ్చినోళ్ళన్నారు. దుంగ నరికేది ఒకడు, అమ్ముకునేది ఇంకొకడు. అడవిలో కనపడితే చాలు, బీదోడు దొంగ కింద లెక్క.

ఈ కేసు జరగతా ఉండగా మా నాయన నా ఫోను చేతిలోకి తీసుకోని అటూ ఇటూ తిప్పి చూసినాడు. "ఒరేయ్ నాయనా, మనం యాడుండామో ఇది మనకు చెప్తాది, సరే. ఇంకెవురికన్నా చెప్తాదా?" అన్నాడు. ఉపగ్రహం మాట వినడం వరకు ఫోను ఎవరికీ ఏమీ చెప్పదని, అయితే యాపులు మన నడకను రాసిపెట్టుకుంటాయని, అది ఎవరి చేతికైనా పోవచ్చని చెప్పినాను. "అట్లయితే ఇది తుపాకే. పట్టుకున్నోడిని బట్టి ఉంటాది" అన్నాడు.

ఆయన మాట మా ఇంట్లోనే రుజువైంది. 2022లో టీచర్లకు మొహం చూపించి హాజరేసే యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనికాడ పూటకొక ఫోటో, తావు గుర్తుతో సహా, తప్పనిసరి చేసినారు. నెట్టు అందక ఫోటో ఎక్కకపోతే మాయమ్మ కూలి పోయినట్టే. గడ్డపార పట్టినోళ్ళు యాడున్నారో ఫోను చెప్తాది. జీపు యాడికి పోయిందో ఎవరూ అడగరు.

ఇంకొక మాట. మన దేశం సొంతంగా చేసుకున్న నావిక్ ఉపగ్రహాలు 2013 నుంచి శ్రీహరికోటలోనే లేస్తా ఉన్నాయి. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మా పాకాల, ఆ శ్రీహరికోట ఒకే జిల్లాలోకి వచ్చినాయి. 1971లో మొదటి రాకెట్ లేచిన ఆ దీవి, అంతకుముందు వేట మీద, తేనె మీద, చేపల మీద బతికిన యానాదుల తావు. రాకెట్ల కోసం చాలామంది ఆ తావు వదలాల్సొచ్చింది. దోవ చూపించే ఉపగ్రహం, దోవ తెలిసినోళ్ళు ఖాళీ చేసిన నేల మీద నుంచే లేస్తా ఉంది.

ఫోను పారేయమని నేను చెప్పను. తుపాకి ఎట్లాగూ మన చేతికి రాలేదు, ఇదన్నా వచ్చింది. ఫోను మ్యాపులో మా ఊరి పేరుంది, గుడి పేరుంది, మామిడితోటల పేర్లున్నాయి. మా వాడ పేరు లేదు. మా నాయనోళ్ళు గుట్టలకు, వంకలకు పెట్టుకున్న పేర్లు ఒక్కటీ లేవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటుంది, దాంట్లో ఎవరైనా పేరు ఎక్కించవచ్చు. ఏడో తరగతి పిల్లోళ్ళకు భూగోళం చెప్పేటప్పుడు, ముసలోళ్ళను అడిగి ఆ పేర్లు రాసుకోని రమ్మన్నాను. నలభై పైగా వచ్చినాయి. వంకలు, దోవలు, మా వాడ పేరు ఒక్కొక్కటే ఎక్కిస్తా ఉన్నాం. ఏ పేరు ఎక్కించల్లో, జంతువులు నీళ్ళు తాగే ఏ మడుగు పేరు లోకానికి చెప్పకూడదో పిల్లోళ్ళే కూర్చోని తీర్మానం చేస్తారు. మా నాయనను మా వాడ దోవలో ఇన్నాళ్ళూ ఎవరూ అడగని మాట అది. చదువుకుంటా ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ వాడల్లో కూడా ముసలోళ్ళు పోకముందే అడిగి రాసుకోండి.