సీలు వేసిన కవరు

పోయిన నెల సంఘం విందులో ఒక యువజంట మా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు. అమ్మాయికి ఏడో నెల. నెలలు నిండకుండానే పురుడొచ్చే సూచనలున్నాయని డాక్టర్లు చెప్పారట. పుట్టబోయే బిడ్డని ఒక పరిశోధనలో చేర్చడానికి ఒప్పుకుంటారా అని ఓ కాగితాల కట్ట కూడా చేతిలో పెట్టారట. "అంకుల్, ఆంటీ, మీ అబ్బాయి కూడా ఇలాగే పుట్టాడటగా, మీరైతే సంతకం పెడతారా?" అని అడిగారు. పులిహోర ప్లేటు ఒళ్ళో పెట్టుకుని చెప్పే జవాబు కాదది. ఏదో నసిగి ఊరుకున్నాం. ఎడిటరుగారు ఎలాగూ ఏదైనా రాయమని ఏడాదిగా పోరుతున్నారు కనుక, అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాం.

అది 1987 నవంబరు. అప్పటికి మేము ఒహాయోకి వచ్చి మూడేళ్ళు. మాలో ఒకరికి ఇంజనీరు ఉద్యోగం, రెండోవారికి లెక్కల్లో డిగ్రీ. వైద్యం ఇద్దరికీ తెలియదు. ఇరవై తొమ్మిదో వారంలో, ఒక మంచు కురిసే రాత్రి నొప్పులొచ్చాయి. తెల్లవారేసరికి బాబు పుట్టాడు. 1180 గ్రాములు. ఏడుపు వినపడలేదు, పిల్లిపిల్ల మూలుగులాంటి చప్పుడొకటి వినపడింది. ఊపిరి బయటికి వదిలేటప్పుడల్లా మూలుగు, లోపలికి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం గుంటలు పడటం. చూస్తూ నిలబడటం తప్ప మాకేం తోచలేదు.

తెనాలికి ఫోను చేస్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏడో నెలా, ఎనిమిదో నెలా?" అని. ఏడో నెల పిల్లలు దక్కుతారు, ఎనిమిదో నెల పిల్లలు దక్కరు అని మనవైపు ఒక నమ్మకం ఉంది కదా. ఏడో నెలే అన్నాం. ఆవిడ ధైర్యంగా ఫోను పెట్టేసింది. ఆ ధైర్యంలో కొంచెం మాకూ పంపిస్తే బాగుండుననిపించింది.

గంట గడవకముందే ఒక చిన్న వయసు డాక్టరమ్మ కాగితాలతో వచ్చింది. నిద్ర లేని కళ్ళు, కాఫీ మరకల కోటు. జబ్బు సంగతి మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఊపిరితిత్తుల్లో గాలి నిండే చిన్న చిన్న సంచులుంటాయి. వాటి లోపలి గోడలకి సన్నని తడి ఉంటుంది. ఆ తడి వల్ల, నీళ్ళలో తడిసిన తమలపాకులు ఒకదానికొకటి అంటుకుపోయినట్టు, ఊపిరి వదలగానే ఆ గోడలు అంటుకుపోతాయి. అలా కాకుండా సబ్బులాంటి పదార్థం ఒకటి లోపలే ఊరుతుంది. దాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. నెలలు నిండవస్తున్నకొద్దీ అది తగినంత తయారవుతుంది. మావాడికింకా తయారు కాలేదు. (తమలపాకుల పోలిక మాది. ఆవిడ ప్లాస్టిక్ సంచులంది.)

ఈ సంగతి కనిపెట్టింది కూడా ఒక డాక్టరమ్మే, మేరీ ఎలెన్ ఏవరీ. ఈ జబ్బుతో పోయిన పిల్లల ఊపిరితిత్తుల్లో, మామూలుగా కనపడే నురుగు లేదని ఆవిడ గమనించింది. కుంకుడుకాయ లేని కుంకుడు రసంలా అన్నమాట. జెరీ మీడ్ అనే ఆయనతో కలిసి ఆవిడ బోస్టనులో ఆ వ్యాసం అచ్చు వేసింది 1959లో. కారణమైతే తెలిసింది, మందు లేదు. 1963 ఆగస్టులో అధ్యక్షుడు కెనడీగారి కొడుకు ప్యాట్రిక్ ఐదు వారాలు ముందు పుట్టి, మావాడికన్నా దాదాపు రెట్టింపు బరువుండి కూడా, ఇదే జబ్బుతో 39 గంటలకి పోయాడు. దేశాధ్యక్షుడికే దొరకని మందది. 1980లో జపానులో ఫుజివారా అనే డాక్టరు ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంటుతో మందు చేసి పదిమంది పిల్లలకి గొట్టంద్వారా పోస్తే వాళ్ళు తేరుకున్నారు. మా చేతికిచ్చిన కాగితాలు కూడా అలాంటి మందు గురించే.

"ఆవుదా?" అన్నాం ఇద్దరం ఒకేసారి. తరతరాలుగా కోడిగుడ్డు ముట్టని ఇల్లు మాది. ఇక్కడికొచ్చాక కూడా డబ్బా వెనక సన్నక్షరాలు చదవందే బిస్కట్టు కొనేవాళ్ళం కాదు. అటువంటిది, కొడుకు గొంతులోకి ఆవు ఊపిరితిత్తుల సారం! సత్యంగా చెప్పాలంటే, దాని గురించి మేము తర్కించుకున్నది రెండు నిమిషాలు కూడా లేదు. ఆ మూలుగు వినపడుతూండగా శాస్త్రాలేవీ గుర్తు రాలేదు.

సంతకం దగ్గర ఆగిపోయింది మాత్రం ఇంకో మాటకి. పిల్లలందరికీ మందు ఇవ్వరట. సీలు వేసిన కవరు తెరుస్తారు. అందులో మందు అని ఉంటే మందు, గాలి అని ఉంటే అదే గొట్టంద్వారా ఉత్త గాలి. ఎవరికేది ఇచ్చారో మాకూ చెప్పరు, మా బాబుని చూసే నర్సులకీ డాక్టర్లకీ కూడా తెలియనివ్వరు. ఇస్తే మందివ్వండి, లేకపోతే వదిలేయండి, బిడ్డ ప్రాణం మీద బొమ్మా బొరుసా ఏమిటి? అని గట్టిగానే అడిగాం.

ఆవిడకి కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఆక్సిజను కథ చెప్పింది. 1940లలో ఈ దేశంలో మంచి మంచి ఇంక్యుబేటర్లు వచ్చాయి. నెలలు నిండని పిల్లలకి ఆక్సిజను ఎంత పెడితే అంత మంచిదనుకుని ధారాళంగా పెట్టారు. 1942లో బోస్టను కంటి డాక్టరు టెర్రీ, ఇలాంటి పిల్లలకి కొత్తరకం గుడ్డితనం వస్తోందని రాశాడు. ఎందుకొస్తోందో పదేళ్ళ దాకా తేలలేదు. వాషింగ్టనులో పాట్జ్ అనే డాక్టరు కొందరు పిల్లలకి ఎక్కువ, కొందరికి తక్కువ ఆక్సిజను ఇచ్చి చూద్దామంటే, నర్సులు జాలిపడి రాత్రిళ్ళు తక్కువవాళ్ళకి కూడా పెంచేసేవారట. చివరికి 1953లో 18 ఆసుపత్రులు కలిసి పరీక్ష మొదలుపెడితే తేలింది, ఆ ఆక్సిజనే కళ్ళు తీసిందని. అప్పటికి సుమారు పదివేలమంది పిల్లలకి చూపు పోయింది. "వాళ్ళందరికీ మేలు చేస్తున్నామనే అనుకున్నారు. ఈ మందు మంచిదని నేనూ అనుకుంటున్నాను. కానీ నాకు తెలియదు" అందావిడ.

డాక్టరు నోట "నాకు తెలియదు" అన్న మాట వినడం మాకదే మొదలు. సంతకం పెట్టాం. ఇద్దరి చేతులూ వణికాయి.

ఇద్దరు మనుషులొచ్చి మావాడి నర్సుని బయటికి పంపించి, చుట్టూ తెర లాగారు. కొద్ది నిమిషాల్లో తెర తీసి వెళ్ళిపోయారు. రెండు రోజుల్లో ఇలా నాలుగుసార్లు. మేము తొట్టి పక్కనున్న ఆక్సిజను అంకె చూస్తూ కూర్చునేవాళ్ళం. మనం పీల్చే గాలిలో 21 శాతం ఉంటుంది. మావాడికి 80, మళ్ళీ 85, తెల్లారి 80. పక్క తొట్టిలో ఒక పాప ఉండేది. తండ్రి లారీ నడుపుతాడు, మనిషి మంచివాడు, మాకు కాఫీ తెచ్చిచ్చేవాడు. వాళ్ళూ అదే కాగితం మీద సంతకం పెట్టారు. తెర తీసిన సాయంత్రమే వాళ్ళ పాప అంకె 90 నుంచి 40కి దిగింది. మేము అసూయపడ్డాం. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

మూడో రోజున పాపకి మెదడులో రక్తస్రావమై పోయింది. ఊపిరి బాగానే ఉండగా పోయింది. నెలలు నిండని పిల్లల మెదడులో రక్తనాళాలు అంత సున్నితమట. మావాడు పదకొండు రోజులు వెంటిలేటరు మీదుండి, మెల్లిగా అంకె దించుకుంటూ జనవరి చివర ఇంటికొచ్చాడు.

వేసవిలో అమ్మ వచ్చింది. దాచడం మంచిది కాదని ఆవు సంగతి చెప్పేశాం. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "మరి ఆ ఆవేమయింది?" అని అడిగింది. కబేళా నుంచే తెస్తారని చెప్పక తప్పలేదు. ఆ పూట మాతో మాట్లాడలేదు, అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే సున్నిపిండి కలుపుకుని, మనవడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. మళ్ళీ ఆ ప్రసక్తి ఎత్తలేదు.

ఆ మందుకి 1991లో ఎఫ్.డి.ఏ. అనుమతి వచ్చింది. సర్వాంటా అని పేరు. ఇంకో సంగతి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. పురుటికి ముందే తల్లికి స్టీరాయిడు ఇంజక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని న్యూజీలాండులో లిగ్గిన్స్, హౌవీ అనే డాక్టర్లు 1972లోనే పరీక్ష చేసి చూపించారు. మొదట గొర్రెల్లో కనపడిన సంగతది. పదిహేనేళ్ళ తర్వాత, మా పురుటికి ముందు, ఆ ఇంజక్షను మాట ఎవరూ ఎత్తలేదు. ఇక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ పెద్దలు కూర్చుని అందరూ ఇవ్వండని చెప్పింది 1994లో. తెలిసిన విషయం అన్నేళ్ళు పుస్తకాల్లో పడి ఉంది! విందులో కలిసిన అమ్మాయికి రెండు ఇంజక్షన్లూ అప్పుడే ఇచ్చారని విని స్థిమితపడ్డాం.

ఆ పిల్లలు మర్నాడే కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. సంతకం పెట్టమనీ, వద్దనీ మేము అనలేదు. పక్కన కూర్చుని ప్రతి పేజీ చదివించాం. ఎందుకంటే, ఆక్సిజను ఎంత ఉండాలన్నది ఇంకా తెగక, ఈ దేశంలో ఈమధ్య మళ్ళీ పరీక్షించారు. 2010లో ఫలితాలొచ్చాయి: తక్కువ ఉంచిన పిల్లల్లో బతికినవాళ్ళకి కళ్ళు బాగున్నాయి, కానీ చనిపోయినవాళ్ళు ఎక్కువ. ఆ ప్రమాదాలేమిటో తల్లిదండ్రుల కాగితాల్లో స్పష్టంగా రాయలేదని 2013లో ప్రభుత్వ కార్యాలయమొకటి తప్పుపట్టింది. కాబట్టి ఏ వైపు ఏమివ్వబోతున్నారు, ఏ వైపు ఏ ప్రమాదం ఉంది, మధ్యలో మానుకోవచ్చా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్ని అడగమన్నాం. తర్వాత సంతకం పెట్టారో లేదో మేము అడగలేదు.

మావాడు కాలేజీకి వెళ్ళే ముందు, 2005లో, తన కవరులో ఏముందో తెలుసుకోవాలన్నాడు. ఉత్తరం రాస్తే రెండు నెలలకి జవాబొచ్చింది. గాలి. నాలుగుసార్లూ గాలే.

అమ్మ అప్పటికి లేదు. ఉంటే ముందు ఆవిడకే ఫోను చేసేవాళ్ళం.

వాడు ఆ కాగితం రెండుసార్లు చదివి, "అంటే నాకేమీ ఇవ్వలేదన్నమాట" అని నవ్వాడు. కాసేపాగి, పక్క తొట్టిలో పాప పేరేమిటని అడిగాడు. ఆ పేరు మాకు గుర్తుంది. చెప్పాం.