ఘాట్ ఎక్కని పాత కారు: అరకు దారి లేఖలు

శృంగవరపుకోట నుంచి

అన్నయ్యకు,

పాత కారు లాగడం లేదంటే ఇంజను పోయిందనే అనుకోనక్కర్లేదు. ఇంజను బలం చక్రాల దాకా చేరకపోయినా, చేరిన బలాన్ని మరేదో మింగేస్తున్నా నడిపేవారికి తేడా తెలియదు. కార్బురేటరున్న పాత మారుతి 800తో అరకు ఘాట్ ఎక్కాలంటే, శృంగవరపుకోట దాకా ఉన్న చదును దారిలోనే ఆ తేడా తేల్చుకోవాలి.

నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాలి. ఇంజను మోత పెరిగినా స్పీడు ముల్లు కదలకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. బ్రేకు పెద్దగా వాడకుండా కొంతదూరం నడిపి ఆపినప్పుడు, ఒక చక్రం మాత్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. టైర్లలో గాలి తగ్గినా బండి బరువెక్కుతుంది. ఇక బానెట్ ఎత్తాక చూడాల్సిన మొదటి సంగతి యాక్సిలరేటర్ కేబులు. ఒకరు పెడల్ అడుగంటా నొక్కి ఉంచితే, మరొకరు కార్బురేటర్‌లోని థ్రాటిల్ రేకు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. కేబులు సాగిపోయి, రేకు సగమే తెరుచుకునే పాత బళ్లు చాలానే ఉంటాయి. చోక్ లాగిన తర్వాత పూర్తిగా వెనక్కి పోకపోయినా ఇంజనుకు ఊపిరాడదు, నల్లపొగ వస్తుంది.

అనంతగిరి నుంచి

అన్నయ్యకు,

ఘాట్ ఎక్కేటప్పుడు కొంత బలం తగ్గడం రోగం కాదు. సముద్రమట్టం నుంచి 1,000 మీటర్లు పైకి వస్తే గాలి సాంద్రత దాదాపు 10 శాతం తగ్గుతుంది, ఇంజను బలమూ ఇంచుమించు అంతే తగ్గుతుంది. 796 సీసీల ఈ ఇంజనుకు ఉన్నదే 40 హార్స్‌పవర్ లోపు. అందులోంచి మూడు నాలుగు పోతే తెలియకుండా ఉండదు. కార్బురేటర్ జెట్లు మాత్రం గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గించవు కాబట్టి మిశ్రమం చిక్కబడుతుంది. అంతకు మించి బండి నీరసిస్తే అసలు కారణం వెతకాలి.

ఎప్పుడు నీరసిస్తోందన్నదే ఇక్కడ పెద్ద ఆధారం. స్టార్టయిన దగ్గర్నుంచీ ఒకేలా మిస్సింగ్ కొడుతుంటే ముందుగా ప్లగ్గులను, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లను అనుమానించాలి. కాసేపు బాగా నడిచి, ఎత్తు మీద పెట్రోలు అందనట్టు ఎగిరి ఎగిరి పడి, పక్కన ఆపి పది నిమిషాలు ఊరుకున్నాక మళ్లీ లాగితే అది పెట్రోలు దారిలోని అడ్డంకి.

ప్లగ్గు విప్పితే లోపలి సంగతి చాలావరకు బయటపడుతుంది. మధ్యలోని పింగాణీ ముక్కు లేత కాఫీ రంగులో పొడిగా ఉంటే సిలిండర్‌లో మంట సరిగ్గా ఉన్నట్టు. వేలికి అంటుకునే పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లబడితే పెట్రోలు తక్కువ, తడిగా నూనె జిడ్డుంటే రింగుల నుంచో వాల్వు సీళ్ల నుంచో ఆయిలు వస్తోంది. మూడు ప్లగ్గుల్లో ఒకటే వేరుగా కనిపిస్తే కార్బురేటర్‌ను తిట్టి లాభం లేదు, ఆ సిలిండర్ సంగతే చూడాలి. పాయింట్లున్న పాత మోడల్‌లో వాటి మొహాలు గుంటలు పడ్డాయేమో చూసి, ఫీలర్ గేజితో సందు సరిచేయాలి. రోటర్‌ను చేత్తో కొంచెం తిప్పి వదిలితే స్ప్రింగుతో వెనక్కి రావాలి. రాకపోతే వేగం పెరిగినా టైమింగ్ ముందుకు జరగదు, పికప్ చస్తుంది.

పెట్రోలు దారిని ట్యాంకు మూత నుంచే మొదలుపెట్టాలి. మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు. బండి నీరసించిన క్షణంలో మూత విప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి మళ్లీ లాగితే దోషం దొరికినట్టే. మెకానిక్కులు ఏసీ పంపు అనే పెట్రోలు పంపులో డయాఫ్రం చిరిగినా, ఫిల్టరు మూసుకుపోయినా అదే లక్షణం. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరుకు చేరుస్తుంది, పాతకాలపు రబ్బరు పైపులను చెడగొడుతుంది. పైపులు విప్పే పని ఏదైనా ఇంజను చల్లారాకే.

అరకులోయ నుంచి

అన్నయ్యకు,

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లాగకపోతే మిగిలింది కంప్రెషన్. గేజి పెట్టి చూడకుండా ‘ఇంజను దించి బోరు కొట్టిద్దాం’ అనే మాటకు తలూపకూడదు. వేలకు వేలు అనవసరంగా పోయేది అక్కడే.

ఇంజను వేడి మీద ఉండగా ప్లగ్గులన్నీ విప్పి, స్పార్కు రాకుండా కాయిల్ వైరు తీసి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టాలి. గేజి చూపే అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి బాగా తక్కువ చూపితే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొట్టాలి. ముల్లు పైకి లేస్తే రింగులో, బోరో అరిగాయి. కదలకపోతే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. ట్యాపెట్ సందు తగ్గిపోతే ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా కూర్చోక, మంట తగిలి అంచు కాలుతుంది. తొలిదశలో పట్టుకుంటే ట్యాపెట్లు సరిచేయడంతో పోయే పని అది. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. మూడూ సమానంగా తక్కువైతే టైమింగ్ బెల్టు పన్ను జారిందేమో గుర్తులు కలిపి చూడాలి.

కంప్రెషన్ నిక్కచ్చిగా ఉండి, ఐడిలింగ్‌లో బాగుండి, ఎంత నొక్కినా వేగం పెరగకపోతే పొగ బయటికి పోయే దారి మూసుకుపోయి ఉండవచ్చు. లోపలి రేకు విరిగి సైలెన్సర్‌కు అడ్డుపడుతుంది. మన దేశంలో 1995 నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మిన కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. చెన్నైలోనో మరో మహానగరంలోనో కొన్న ఆనాటి బండి అయితే అదీ పూడుకుపోయి ఉండవచ్చు. చల్లారిన ఇంజనుకు సైలెన్సర్ పైపు ముందుభాగం వదులుచేసి, ఒక్కసారి కొద్దిదూరం నడిపి చూస్తే మోత ఎలాగూ పెరుగుతుంది. దాంతోపాటు బలం కూడా తిరిగొస్తే అడ్డు ఆ పైపుకు వెనకే ఉంది.