లాభం, రెండు, మూడు

కళ్ళంలో రాశి ముందు కూర్చుని వడ్లు కొలిచే మనిషి మొదటి కొలతను ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు, నాలుగు... అలా సాగి ఏడు దగ్గరికి వచ్చేసరికి కొందరికి మళ్ళీ నోరు రాదు. పంట ముందు ఏడుపు మాటెందుకని ‘ఆరున్నొకటి’ అని దాటేస్తారు. కోత మిషన్లొచ్చి వడ్లు నేరుగా సంచుల్లోకి, సంచులు నేరుగా కాటా మీదికి పోతున్న రోజుల్లో ఈ లెక్క వినాలంటే పెద్ద వయసు రైతు ఇంటికే పోవాలి. కార్వేటినగరం వైపు చెరువుల కింద వరి పండించిన తాతలను కదిపితే నవ్వుతూ అప్పజెప్తారు.

పక్కన నిలబడి చూసే ఐదేళ్ళ పిల్లకు ఇందులో ఏ తికమకా ఉండదు. లాభమంటే ఒకటేనని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది చిన్న సంగతేమీ కాదు. 1978లో గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు పసిపిల్లలు ఎలా లెక్కపెడతారో చూసి ఒక పుస్తకం రాశారు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరే పెట్టాలి, పేర్ల వరస మారకూడదు, చివర పలికిన పేరే మొత్తానికి లెక్క. అసలు సూత్రాలు ఇవేనని వాళ్ళు తేల్చారు. పేరు ఏదైనా పరవాలేదట. రెండు వస్తువులను ‘రెండు, ఆరు’ అని లెక్కపెట్టిన పసివాళ్ళు కూడా వాళ్ళకు తగిలారు. పేర్లు తప్పే, లెక్కింపు మాత్రం ఒప్పే. మన కళ్ళంలో తాత ఆ సంగతి పుస్తకం లేకుండానే నడిపిస్తున్నాడు.

మూడింటిలో గట్టిది చివరిది. చింతగింజలు ఐదు ముందు పోసి లెక్కపెట్టమంటే నాలుగేళ్ళవాడు వేలు పెట్టి ఐదు దాకా చక్కగా చెప్తాడు. ‘అయితే మొత్తం ఎన్ని నాయనా?’ అంటే మళ్ళీ మొదటి గింజ మీద వేలు పెడతాడు. వాడికి ఐదు అనేది ఐదో గింజ పేరు. అది గుప్పెడు గింజల పేరుగా మారడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో వాడిని ‘మొద్దు’ అనకుండా ఉండడమే పెద్దలు చేయగలిగిన సాయం.

కార్వేటినగరం అనగానే చాలామందికి రాజుల కోట, స్కంద పుష్కరిణి, వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తాయి. సంగీతం తెలిసినవాళ్ళకైతే వేణుగోపాల ముద్రతో పదాలు రాసిన సారంగపాణి, వర్ణాలు కట్టిన గోవిందసామయ్య గుర్తొస్తారు. నాకు మాత్రం ఇది లెక్కల ఊరు. చిత్తూరు జిల్లా ప్రాథమిక ఉపాధ్యాయుల శిక్షణ సంస్థ, అందరూ ‘డైట్’ అనేది, ఉన్నది ఇక్కడే. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున పెట్టిన సంస్థల్లో ఇదొకటి. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండాల్సినది ఈ చిన్న ఊళ్ళో ఉండడం నాకు బాగా నచ్చిన విషయం. జిల్లాలో ఎందరో పిల్లలకు మొదటి కూడిక నేర్పిన అయ్యవార్లు ఇక్కడ చదువుకుని పోయినవాళ్ళే.

పదాల సంగతి ఊరికే ఎత్తలేదు. పదాలకు తరచుగా కనబడే తాళాల్లో మిశ్రచాపు ఒకటి. తకిట తకధిమి. ఏడంటే మూడూ నాలుగూ అని పాడే పిల్లకు చేతిలోనే తెలుస్తుంది, పలక మీద రాసి చూపించే పని లేదు. ఆదితాళమైతే నాలుగూ రెండూ రెండూ కలిసి ఎనిమిది: ఒక తట్టు, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళ లెక్క, ఆపైన తట్టి తిప్పడం రెండుసార్లు. ఒక సంఖ్యను విడగొట్టి మళ్ళీ కలుపుకోవడమే కూడికలకూ తీసివేతలకూ పునాది అని డైట్ తరగతుల్లో చెప్తారు. పదాలు పుట్టిన ఊళ్ళోని బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో రోజూ పది నిమిషాలు తాళం వేయిస్తే ఏం పోయింది? సంగీతం పీరియడు అనుకుంటారని భయమేమో.

డైట్‌లో చదివేవాళ్ళను ఛాత్రోపాధ్యాయులంటారు. టీచింగ్ ప్రాక్టీసుకు చుట్టుపక్కల బడులకు పోయేటప్పుడు వాళ్ళ సంచిలో తప్పకుండా ఉండేవి ఈనెపుల్లలు, రబ్బరు బ్యాండ్లు. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక పెద్ద కట్ట. ఒకట్లు, పదులు, వందలు. చూసేవాళ్ళకు పిల్లలాట. కానీ నా లెక్కలో అంకగణితం మొత్తంలో ఇంతకంటే కష్టమైన మెట్టు లేదు. పది వస్తువులు ఉన్నట్టుండి ఒక్క వస్తువు కావాలి, అయినా పదిగానే ఉండాలి.

ఓ బడిలో రెండో తరగతి పాప ముందు టీచరమ్మ పది పుల్లలు లెక్కపెట్టి కట్ట కట్టింది. ‘కట్టలో ఎన్నున్నాయి పాపా?’ అంది. పాప బ్యాండు తీసేసి మళ్ళీ లెక్కపెట్టింది, పది. మళ్ళీ కట్టారు, మళ్ళీ అడిగారు, మళ్ళీ విప్పింది. తన కళ్ళ ముందే కట్టిన కట్ట మీద కూడా దానికి నమ్మకం లేదు. ఒకరోజు విప్పదు. కట్ట మీద వేలు పెట్టి ‘పది’, పక్క కట్ట మీద పెట్టి ‘ఇరవై’, విడిపుల్లల మీద ‘ఇరవై ఒకటి, ఇరవై రెండు’ అంటుంది. అంతే. ఆ రోజు బడిలో స్థానవిలువ వచ్చేసింది. రిజిస్టర్లో అది ఎక్కదు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన దొరలకు కనబడదు.

ఇంకా విప్పుతున్న పిల్లల చేత రాయిస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. నూట ఐదు రాయమంటే 1005 రాస్తారు. నూరు రాశాడు, పక్కన ఐదు రాశాడు. చెవికి వినబడినట్టే రాశాడు. దాని మీద ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టేముందు, వాడు సగం దూరం నడిచొచ్చాడని గమనించాలి. స్థానాన్ని బట్టి విలువ అనే ఏర్పాటు మనిషి జాతికే ఆలస్యంగా దొరికిన సంగతి. రోమనులు రాజ్యాలేలారు గానీ వాళ్ళ అంకెలతో గుణకారం చేయాలంటే పూసల పలక కావాల్సి వచ్చింది. వేల ఏళ్ళు పట్టినదాన్ని ఆరేళ్ళవాడు వేసవి సెలవుల్లోపు పట్టుకోవాలంటాం.

నిజానికి కట్ట సంగతి బడి బయట ఎప్పుడూ ఉంది. చిత్తూరు జిల్లా తోతాపురి ఇప్పుడు టన్నుల లెక్కన గుజ్జు ఫ్యాక్టరీలకు పోతోంది గానీ, కాయలు లెక్కపెట్టి అమ్మే చోట పాత పద్ధతి చూడండి. చేతికి ఇన్ని చొప్పున తీసి వేస్తూ, నూరు కాగానే ఒక కాయ విడిగా పక్కన పెడతారు. చివర ఆ పక్కన పెట్టినవి లెక్కపెడితే ఎన్ని నూర్లో తెలుస్తుంది. పక్కన కూర్చున్న ఆ కాయ ఒకటి కాదు, నూరు. ఎక్కడ కూర్చుందన్నదే దాని విలువ. ఈనెపుల్లలు పట్టుకుని బడికి పోయే ఛాత్రోపాధ్యాయుడు దారిలో మామిడితోపు దగ్గర ఒక పూట ఆగితే పాఠం సగం తయారవుతుంది.

సగమే. తోపులోనూ సంతలోనూ నేర్చినది దానంతటదే నోటుపుస్తకంలోకి నడిచి వస్తుందనుకుంటే పొరపాటు. బ్రెజిల్లోని రెసీఫె నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లల మీద నూనెస్, కారహెర్, ష్లీమన్ అనే పరిశోధకులు చేసిన పని 1985లో అచ్చయింది. బేరంలో అడిగితే నూటికి 98 సరైన జవాబులు చెప్పిన పిల్లలే, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే సరిగ్గా చేశారు. ఒక కుర్రవాడిని పది కొబ్బరికాయలు ఎంతని అడిగారు. కాయ 35 క్రుజేరోలు. మూడు 105, ఇంకో మూడు 210, ఇంకో మూడు 315, ఇంకొక్కటి కలిపితే 350 అన్నాడు. పక్కన సున్న పెడితే అయిపోయేదానికి ఇంత దారి తిరిగాడు. కానీ తప్పలేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఇతరులు కోల్‌కతా, ఢిల్లీ బజారుల్లో చేసిన పని 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే కథ, పైగా రెండో వైపు కూడా తేలింది: బడిలో లెక్కలు చేయగలిగిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. రెండు ఒడ్లున్నాయి, మధ్యలో వంతెన లేదు.

పుత్తూరు రోడ్డు పక్కన జామకాయలు అమ్ముతున్న అవ్వ దగ్గర మనవరాలే కాటా పట్టుకునేది. కిలో అరవై.

‘ముప్పావు కిలో ఎంత పాపా?’

‘అర ముప్పై, పావు పదైదు. నలభై ఐదు ఇయ్యి సార్.’

చేతిలోని కాగితం ముక్క మీద 60 × 3/4 అని రాసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది బడి లెక్క సార్, మాకింకా చెప్పలేదు’ అంది. అవ్వ నవ్వి, ‘మే, చిల్లర ఇయ్యి ముందు’ అంది.

ఆ పాప చేసినది చాలా పాత తెలుగు లెక్క. సగం, సగంలో సగం. మన కొలతలన్నీ అలానే కట్టుకున్నాం. చాలాచోట్ల నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. పుట్టి దగ్గర మాత్రం ఇరవై తూములని దారి మారుతుంది. రూపాయికి పదహారు అణాలు. అణా అంటే రూపాయిలో వీసం. తెలుగులో పావు, వీసం, వాటికింద పాళ్ళు రాయడానికి ప్రత్యేకమైన గుర్తులే ఉండేవి, నాలుగో వంతు మీద నాలుగో వంతుగా. వాటిని ఇప్పుడు చదివేవాళ్ళు అరుదు గానీ 2008లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. కంప్యూటరు గుర్తుపడుతుంది, మనం పట్టం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి, ఆ వెనకే కిలోలూ లీటర్లూ. పదుల లెక్క బడికి చాలా సుఖం, కాదనను. అయితే గిద్దకూ తూముకూ మధ్య ఉన్న భిన్నాలు వంటింట్లోంచి పోయాక, భిన్నం అనేది పిల్లలకు మొదటిసారి పుస్తకంలోనే ఎదురవుతోంది, అదీ కోసిన కేకు బొమ్మగా.

పాత వీధిబడి గొప్పదని నేననను. కేకలు పెట్టి ఎక్కాలు వల్లించడం, బెత్తం, ఇసుకలో వేలు అరిగేలా దిద్దడం. అయినా 1822లో మద్రాసు గవర్నరు మన్రో బడుల వివరాలు పంపమన్నప్పుడు బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో రాసి పంపిన నివేదికలో ఒక మాట మెచ్చుకోలుగా ఉంది: పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతి. లెక్కల్లో అది ఎంత పనిచేస్తుందో ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చూడొచ్చు. కట్ట విప్పడం నిన్ననే మానిన అక్కకు, ఇంకా విప్పుతున్న తమ్ముడి ఇబ్బంది టీచరు కంటే బాగా తెలుసు.

ఇప్పటి పిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. ఇంట్లో పదమూడు, ముప్పై. బడిలో థర్టీన్, థర్టీ. వెనక బెంచీలో కూర్చుంటే రెండూ ఒకలాగే వినబడతాయి. తిరుత్తణి బజారుకు పోతే తొంభైని తమిళంలో తొణ్ణూరు అంటారు. నూరు వినబడి నోటు తీస్తే పది వెనక్కి ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు వచ్చాక కొంత నయం. అంకె మాత్రం రెండు పేజీల్లోనూ ఒకటే కదా, వేలు పెట్టి చూసుకోవచ్చు.

తీసివేత దగ్గర మాత్రం ఏ భాషలోనైనా గొడవే. 52లోంచి 27. రెండులో ఏడు పోదు, పక్కనున్న ఐదు దగ్గర అప్పు తెచ్చుకో అంటాం. మూడో తరగతి కుర్రాడొకడు ఛాత్రోపాధ్యాయుడిని అడిగాడు, ‘అప్పు ఎప్పుడు తీరుస్తాం సార్?’ అని. సారు దగ్గర జవాబు లేదు. కట్ట విప్పి పది ఒకట్లు చేసుకున్నాం, ఇది అప్పు కాదు, చిల్లర మార్చుకోవడం అని తర్వాత సర్దిచెప్పాడు, అదీ సబబే. నిజంగా అప్పు తీర్చే పద్ధతి పాతవాళ్ళ దగ్గర ఉంది. పైనున్న రెండుకు పది కలుపు, పన్నెండు. ఏడు పోతే ఐదు. ఆ పదిని కింద తీర్చు: రెండుకు ఒకటి కలిపితే మూడు. ఐదులో మూడు పోతే రెండు. 25. రెండు పక్కలా పదే కలిపాం కాబట్టి తేడా మారలేదు. ఆ కుర్రాడికి ఇదే నచ్చింది. పరీక్షలో పైన అంకె కొట్టేసి 4 అని రాయకపోతే మార్కు పోతుందేమోనని సారుకు అనుమానం. మార్కు పోలేదు. పేపరు దిద్దిన టీచరమ్మ పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి, మొత్తం ఇచ్చేసింది.